రాంగ్లర్ జేకే కంట్రోల్ ఆర్మ్‌లకు ఏ జాయింటు: రబ్బరు బుష్, జానీ జాయింట్, హైమ్ జాయింట్

ఎర్రమట్టి దారి (డాలస్)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2012 నాటి నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ జేకే ఉంది. దీనికి బండిని రెండున్నర అంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్ స్ప్రింగులు, 35 అంగుళాల టైర్లు ఇదివరకే వేయించాను. వారమంతా హైవే మీద ఆఫీసుకు వెళ్ళేదీ, వసంతంలోనూ శరత్కాలంలోనూ యూటా రాష్ట్రంలోని మొయాబ్ రాతి బాటలకు తీసుకుపోయేదీ ఈ ఒక్క బండే. ఇటీవల అలైన్‌మెంట్ కోసం ఎక్కించినప్పుడు కింది కంట్రోల్ ఆర్మ్‌ల (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీల) చివర ఉండే రబ్బరు బుష్‌లు చీలిపోయాయని చూపించారు. ఎలాగూ విప్పాలి కనుక, పొడవు సరిచేసుకోగల కొత్త ఆర్మ్‌లు వేయాలని అనుకుంటున్నాను.

ముందు నాలుగు, వెనుక నాలుగు, అంటే ఎనిమిది ఆర్మ్‌లకు పదహారు చివరలు. ఒక వర్క్‌షాపు వారు పదహారింటికీ హైమ్ జాయింట్లే (ఉక్కు చట్రంలో తిరిగే ఉక్కు బంతి, దానికి మర కాడ) వేయమంటున్నారు. మరొకరు పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు చాలునంటున్నారు. తోటి ప్రయాణికులు జానీ జాయింట్ (ప్లాస్టిక్ గిన్నెల మధ్య తిరిగే బంతి) తప్ప మరొకటి చూడవద్దంటున్నారు. ఏ చివరకు ఏది వేయాలో, అది ఎందుకో కారణంతో సహా తెలిసినవారు వివరించగలరు.

బుష్ ఇంజనీరు (మిషిగన్)

జాయింట్ల పేర్లకు వెళ్ళే ముందు మీ బండి కింద ఎన్ని లింకులు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీలు) ఉన్నాయో, అవి యాక్సిల్‌ను ఏ దిశలో ఆపుతున్నాయో లెక్క వేసుకోవాలి. ఎంపిక అంతా ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంటుంది.

ఒక ఘన యాక్సిల్‌కు, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుకు, మొత్తం ఆరు కదలికలు ఉంటాయి. అది ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ జరగగలదు. మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. మనకు వీటిలో రెండే కావాలి. ఒకటి రెండు చక్రాలూ కలిసి పైకీ కిందికీ పోవడం, రెండవది ఒక చక్రం లేస్తే మరొకటి దిగేలా యాక్సిల్ ఒరగడం. మిగిలిన నాలుగింటినీ లింకులు ఆపాలి. రెండు చివరలా గుండ్రటి జాయింటు ఉన్న ఒక లింకు సరిగ్గా ఒక కదలికను ఆపుతుంది. కాబట్టి నాలుగు లింకులు సరిపోతాయి. అవి మూడు ఆర్మ్‌లతో పాటు ఒక ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా ఆపే అడ్డ కడ్డీ) కావచ్చు, లేదా ట్రాక్ బార్ లేకుండా త్రికోణంగా అమర్చిన నాలుగు ఆర్మ్‌లు కావచ్చు. మీ జేకేలో ముందూ వెనుకా నాలుగేసి ఆర్మ్‌లు, వాటి మీద ఒక్కొక్క ట్రాక్ బార్ ఉన్నాయి. అంటే ప్రతి యాక్సిల్‌కూ ఐదు లింకులు, అవసరానికి ఒకటి ఎక్కువ.

రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు ఆ అదనపు లింకు వల్ల ఇబ్బంది లేదు. ఒకటి లేచి మరొకటి దిగినప్పుడు మాత్రం, పై ఆర్మ్‌ల పొడవూ కోణమూ కింది వాటితో సమానంగా లేకపోవడం వలన, ఎడమవైపు జంట యాక్సిల్ గొట్టాన్ని ఒక దిశలో తిప్పాలని చూస్తుంది, కుడివైపు జంట వేరొక దిశలో తిప్పాలని చూస్తుంది. ఈ తేడాను కంపెనీ బిగించిన రబ్బరు తనలోకి తీసుకుంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికే అక్కడ రబ్బరు పెట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అమరిక పనిచేయడానికి రబ్బరు మెత్తదనం అవసరం. పదహారు చివరలకూ ఇనుప జాయింట్లు వేస్తే ఆ తేడా ఎక్కడికీ పోదు, యాక్సిల్ గొట్టం మీదా బ్రాకెట్ల వెల్డింగు మీదా పడుతుంది. మీ వర్క్‌షాపు వారి సలహాను నేను అంగీకరించలేకపోవడానికి ఇదే మొదటి కారణం.

మరొక మాట. మీ బుష్‌లు చీలడానికి కారణం వయసు ఒక్కటే కాకపోవచ్చు. ఈ రకం బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు కదలకుండా పట్టుకుంటుంది, ఆపై ఆర్మ్ ఊగినప్పుడల్లా మెలితిరిగేది రబ్బరే. లిఫ్ట్ వేసినప్పుడు చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగించినా, పాత బిగింపును వదులు చేయకుండానే స్ప్రింగులు మార్చినా, బండి నేల మీద నిలిచి ఉన్నంతసేపూ రబ్బరు మెలిపడే ఉంటుంది. అటువంటి బుష్ త్వరగా చీలుతుంది. అన్ని బోల్టులనూ వదులు చేసి, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు, టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన విలువకు బిగించాలి. రబ్బరు ఉన్న ప్రతి చివరకూ ఇది వర్తిస్తుంది.

మొయాబ్ బాటసారి (ఫీనిక్స్)

ఇంజనీరు గారి లెక్కకు నేను కోణాలను జోడిస్తాను, ఎందుకంటే జాయింట్లు అమ్మేవారు చెప్పే డిగ్రీల సంఖ్యను చాలామంది పొరపాటుగా చదువుతారు.

జేకే చక్రాల మధ్య వెడల్పు సుమారు 157 సెంటీమీటర్లు. మొయాబ్‌లోని హెల్స్ రివెంజ్ వంటి బాటలో ఒక చక్రం 25 సెంటీమీటర్లు లేచి, అవతలి చక్రం అంతే దిగిందనుకుందాం. అప్పుడు ఛాసిస్‌తో పోలిస్తే యాక్సిల్ దాదాపు 18.5 డిగ్రీలు ఒరుగుతుంది. ఆర్మ్‌కు ఒక చివర బోల్టు ఛాసిస్‌తోనూ రెండవ చివర బోల్టు యాక్సిల్‌తోనూ పోతుంది కనుక, ఆ 18.5 డిగ్రీల మెలిక అంతా ఆర్మ్ రెండు చివరల మధ్య పంచుకోవలసిందే. రెండు చివరలా మామూలు రబ్బరు ఉంటే చెరొక తొమ్మిది డిగ్రీలకు పైగా భరించాలి. అది రబ్బరుకు కష్టమే, అయినా భరిస్తుంది. భరించినంతసేపూ స్ప్రింగులా ఎదురు నెడుతుంది, చక్రం కిందికి పూర్తిగా దిగనివ్వదు.

కర్రీ కుటుంబం రూపొందించిన జానీ జాయింట్‌కు 30 డిగ్రీలు అని ప్రకటిస్తారు. అది మొత్తం కదలిక, అంటే మధ్య నుంచి ఇటు పదిహేను, అటు పదిహేను. ఒక చివర జానీ జాయింట్ వేసి రెండవ చివర రబ్బరు ఉంచితే, పైన చెప్పిన 18.5లో పదిహేను వరకు జాయింటు ఏ ఎదురూ లేకుండా ఇస్తుంది, మిగిలిన మూడున్నర రబ్బరుకు శ్రమే కాదు. నా జేకేలో ఎనిమిది ఆర్మ్‌లకూ ఇదే అమరిక ఉంది. హైవే మీద కంపెనీ బండికీ దీనికీ శబ్దంలో తేడా చాలా స్వల్పం.

కింది ఆర్మ్‌లు రాళ్ళకు తగలకుండా వంపు తిరిగినవి కొనేవారు ఒక విషయం గమనించాలి. రెండు చివరలా గుండ్రటి జాయింటు ఉంటే ఆర్మ్ తన నిడివి చుట్టూ తాను తిరగగలదు. నిటారు ఆర్మ్‌కు ఇది ఫరవాలేదు. వంపు ఆర్మ్ మాత్రం బోర్లా పడి, పైకి ఉండవలసిన వంపు కిందికి వస్తుంది. ఒక చివర బుష్ ఉంటే అది ఆర్మ్‌ను నిలబెట్టి ఉంచుతుంది.

విశాఖ జిమ్నీ

చర్చ జేకే గురించి అయినా నా సందేహం దగ్గరిదే కనుక ఇక్కడే అడుగుతున్నాను. నాది ఐదు తలుపుల మారుతి జిమ్నీ. అరకు వైపు, మారేడుమిల్లి వైపు అడవి దారుల్లో నడుపుతాను. రెండు అంగుళాల లిఫ్ట్ వేసిన తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం తగ్గింది. దీనికి పాలీయురేథేన్ కాస్టర్ బుష్‌లు (స్టీరింగు అక్షం వెనక్కి వాలే కోణమైన కాస్టర్‌ను సరిచేసేవి) వేయమని ఒకరు, ముందు ఆర్మ్‌లలోని బుష్‌లు తీసేసి గుండ్రటి జాయింట్లు వేస్తే చక్రం ఇంకా బాగా దిగుతుందని మరొకరు చెప్పారు. రెండవది నిజమేనా అండీ?

బుష్ ఇంజనీరు (మిషిగన్)

నిజం కాదండీ. మీ బండి ముందు ఉన్నవి రేడియస్ ఆర్మ్‌లు. ఒక్కొక్క ఆర్మ్ ఛాసిస్ వద్ద ఒక బుష్‌తోనూ, యాక్సిల్ వద్ద ముందొకటి వెనుకొకటి రెండు బుష్‌లతోనూ బిగి ఉంటుంది. రెండు చోట్ల పట్టుకున్నందువల్ల ఆర్మ్ ఊగితే యాక్సిల్ గొట్టం కూడా దానితోపాటు తిరగాలి. ఎడమ చక్రం లేచి కుడి చక్రం దిగితే ఎడమ ఆర్మ్ గొట్టాన్ని ఒక దిశలో, కుడి ఆర్మ్ ఎదురు దిశలో తిప్పుతాయి. జేకేలో కొద్దిగా ఉన్న పేచీ ఇక్కడ పూర్తి స్థాయిలో ఉంటుంది. యాక్సిల్ ఒరగగలుగుతున్నది కేవలం ఆ నాలుగు బుష్‌ల రబ్బరు నలుగుతున్నందువల్లనే. వాటి స్థానంలో గుండ్రటి జాయింట్లు వేస్తే, అవి పక్కలకు ఎంత వంగినా, ఆర్మ్‌కూ యాక్సిల్‌కూ మధ్య కోణాన్ని మాత్రం ఇనుముతో బిగించేస్తాయి. చక్రం ఇంకా తక్కువ దిగుతుంది, గొట్టం మీద మెలి బలం పెరుగుతుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ ముందు యాక్సిల్ విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది.

కాస్టర్ బుష్‌ల సంగతి వేరు. వాటిలో రంధ్రం మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది కనుక యాక్సిల్‌ను కొద్దిగా వెనక్కి వాల్చి, లిఫ్ట్ వల్ల తగ్గిన కాస్టర్‌ను తిరిగి ఇస్తాయి. మీ స్టీరింగు సమస్యకు అవి సరైన మందే. అయితే గట్టి పాలీయురేథేన్ ఆ చోట నలగదు, కాబట్టి చక్రం దిగడం కొంత తగ్గుతుంది. అదే కొలతలో రబ్బరువి దొరికితే వాటినే తీసుకోండి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటనే వేయించి, రంధ్రం ఏ దిశకు ఉండాలో గుర్తు చూసి నొక్కించండి.

వెల్డింగ్ మేస్త్రి (హ్యూస్టన్)

పాలీయురేథేన్ ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. అది లోపలి గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని చుట్టూ జారుతుంది. అందుకే గ్రీజు కావాలి, లేకపోతే కీచుమంటుంది. బోల్టు చుట్టూ తిరగడం వరకూ బాగుంటుంది, కానీ పక్కకు వంగమంటే మొరాయిస్తుంది. ఆ మొరాయింపు బ్రాకెట్ చెవులను విప్పదీస్తుంది. చక్రం ఎక్కువగా ఆడే ఘన యాక్సిల్ ఆర్మ్‌లకు రెండు చివరలా పాలీయురేథేన్ వేయడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక హైమ్ జాయింట్. దాని గురించి ఇక్కడ కొంత కఠినంగా మాట్లాడుతున్నారు, దానికి తగిన చోట దాన్ని మించినది లేదని కూడా చెప్పాలి. ఛాసిస్ నుంచి కొత్తగా మూడు ఆర్మ్‌లతో కట్టిన రాతి బండికీ, ఎడారిలో వేగంగా పరుగెత్తే బండికీ నేను హైమ్‌లే వేస్తాను. ఆర్మ్ ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతుంది, బరువు తక్కువ, బోల్టులు విప్పి దారిలోనే మార్చవచ్చు. కానీ కొన్ని నియమాలు ఉన్నాయి. క్రోమోలీ ఉక్కుతో చేసినవే కొనాలి, మామూలు ఉక్కువి అలంకారానికే. దాని మర కాడ లాగుడునూ తోపుడునూ భరిస్తుంది, వంపును భరించదు. కింది ఆర్మ్ రాతి మీద పడి బండి బరువు అడ్డంగా దాని మీదకు వస్తే విరిగేది కాడ మొదట్లోనే. కాబట్టి కింది ఆర్మ్‌లకు కాడ లావుగా, ఒకటింబావు అంగుళం ఉన్నవి వాడతాను. కాడ ఎంత లావుంటే కనీసం దానికి ఒకటిన్నర రెట్ల పొడవున మర లోపలికి ఎక్కి ఉండాలి.

పక్కలకు వంగే కోణం కోసం బంతికి రెండు వైపులా శంకువు ఆకారపు స్పేసర్లు వేయాలి. అవి లేకపోతే హైమ్ చట్రం బ్రాకెట్‌కు త్వరగా తగులుతుంది, తగిలిన తరువాత అది జాయింటుగా కాక మీటగా పనిచేసి కాడను వంచుతుంది. లోపల టెఫ్లాన్ పొర ఉన్నవాటికి గ్రీజు పట్టించకూడదు, గ్రీజు ధూళిని పట్టి ఆ పొరనే అరగదీస్తుంది.

మొయాబ్ బాటసారి (ఫీనిక్స్)

మేస్త్రి గారు చెప్పిన బండ్లకు నేనూ హైమ్‌నే ఒప్పుకుంటాను. నా అభ్యంతరం రోజూ ఆఫీసుకు వెళ్ళే బండి విషయంలోనే. హైమ్‌కు బయటి రక్షణ లేదు. వానా ధూళీ నేరుగా బంతి మీద పడతాయి. కొద్దిగా అరగగానే బ్రేకు నొక్కిన ప్రతిసారీ టక్కుమంటుంది, ఆ చప్పుడు ఛాసిస్ గుండా లోపలికి వస్తుంది. దాన్ని బిగించుకునే వీలు లేదు, మార్చడమే. జానీ జాయింట్‌లో బంతి రెండు గట్టి ప్లాస్టిక్ గిన్నెల మధ్య కూర్చుంటుంది, గ్రీజు నిపిల్ ఉంటుంది, అరిగినప్పుడు సర్క్లిప్ (గాడిలో కూర్చునే బిగింపు రింగు) తీసి గిన్నెలు మాత్రం మార్చి తిరిగి బిగించవచ్చు. అందుకు ప్రత్యేకమైన నొక్కుడు పరికరం కావాలి, కొనేటప్పుడే దాన్ని కూడా తీసుకోవడం మంచిది.

గ్రీజు పెట్టే ఓపిక లేనివారికి మెటల్‌క్లోక్ వారి డ్యూరోఫ్లెక్స్ వంటి రబ్బరు ఆధారిత జాయింట్లు ఉన్నాయి. అవి బాగా వంగుతాయి, నిర్వహణ అడగవు.

ఎర్రమట్టి దారి (డాలస్)

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక చివర జానీ జాయింట్, మరొక చివర రబ్బరు అన్న మాట మనసుకు పట్టింది. అయితే ఏ చివరకు ఏది? ఛాసిస్ వైపు రబ్బరు ఉంటే శబ్దం లోపలికి రాదని ఒక చోట, యాక్సిల్ వైపు ఉండాలని మరొక చోట చదివాను.

వెల్డింగ్ మేస్త్రి (హ్యూస్టన్)

నా మటుకు జాయింటు ఛాసిస్ వైపే ఉండాలి. యాక్సిల్ వైపు చివర బురదలో మునుగుతుంది, రాళ్ళకు మొదట తగిలేదీ అదే.

మొయాబ్ బాటసారి (ఫీనిక్స్)

నేను దీనికి భిన్నంగా చేశాను. కింది ఆర్మ్‌లలో జాయింటు యాక్సిల్ వైపు ఉంటే గ్రీజు గన్ సులభంగా అందుతుంది, అందితేనే పెడతాం. యూటా ధూళిలో తిరిగి వచ్చాక పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది నింపుతాను. అదే నా జాయింట్లు నిశ్శబ్దంగా ఉండడానికి కారణమని నా నమ్మకం.

బుష్ ఇంజనీరు (మిషిగన్)

శబ్దం దృష్ట్యా పెద్ద తేడా లేదు. ఆర్మ్ ద్వారా ప్రయాణించే కంపనం ఏదో ఒక చోట రబ్బరును దాటి తీరాలి, అది ఏ చివరన ఉన్నా చేసే పని దాదాపు అదే. కాబట్టి మీరు నడిపే చోటును బట్టి తేల్చుకోండి. మా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు సర్క్లిప్ గాడిలో చేరి తుప్పు పట్టిస్తుంది, అందుకే ఇక్కడివారికి ఛాసిస్ వైపు జాయింటు మేలంటాను. డాలస్‌లో ఆ బాధ తక్కువ.

ఒక్క చోట మాత్రం ఎంపిక మీకు ముందే జరిగిపోయింది. జేకే ముందు పై ఆర్మ్‌లకు యాక్సిల్ వైపు బుష్ ఆర్మ్‌లో ఉండదు, యాక్సిల్ మీది చెవుల్లోకే నొక్కి ఉంటుంది. అక్కడ కొత్త రబ్బరు బుష్‌నే నొక్కించి, జాయింటును ఛాసిస్ వైపు పెట్టండి. నేను మొదట చెప్పిన ఐదవ లింకు పేచీని నిశ్శబ్దంగా భరించేది ఆ రెండు బుష్‌లే. కొందరు వాటిని కూడా తీసి గుండ్రటి జాయింట్లు వేస్తారు. నేను వేయను.

ఇంతకంటే ముఖ్యమైనది ట్రాక్ బార్. ఆర్మ్‌లలో కొంత మెత్తదనం బండికి మేలు చేస్తుంది, ట్రాక్ బార్‌లో వదులు మాత్రం స్టీరింగును గజిబిజి చేస్తుంది. హైవే మీద ముందు చక్రాలు ఉన్నట్టుండి విపరీతంగా ఊగిపోతే మొదట చూడవలసింది ట్రాక్ బార్ బోల్టులూ బుష్‌లే. పదహారు జాయింట్ల మీద డబ్బు పెట్టి, ఈ ఒక్క బార్‌ను పాత బుష్‌తో వదిలేయకండి.

విశాఖ జిమ్నీ

ఇంజనీరు గారికి ధన్యవాదాలు. గుండ్రటి జాయింట్ల ఆలోచన మానుకుని కాస్టర్ బుష్‌ల వరకే పరిమితమవుతాను. మన దగ్గర, ఇండియాలో, మార్పులు చేయించేవారు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా చదవాలని నా మనవి. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చే మార్పును అది అనుమతించదు. ఆర్మ్‌లూ యాక్సిల్ అమరికా మార్చాలనుకునేవారు ముందుగా ఆర్టీఓ కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

ఎర్రమట్టి దారి (డాలస్)

నా నిర్ణయం ఇది. ఎనిమిది ఆర్మ్‌లూ పొడవు సరిచేసుకోగలవే తీసుకుంటున్నాను. ముందు పైవాటికి ఛాసిస్ వైపు జానీ జాయింట్, యాక్సిల్ చెవుల్లో కొత్త రబ్బరు. మిగిలిన ఆరింటికీ ఒక చివర జానీ జాయింట్, మరొక చివర రబ్బరు. కిందివి వంపు ఆర్మ్‌లు. ట్రాక్ బార్‌లు రెండూ కొత్తవి. పొడవు ఎంత పెట్టాలి, బిగించేటప్పుడు ఇంకేమి చూడాలి?

వెల్డింగ్ మేస్త్రి (హ్యూస్టన్)

ముందు కింది ఆర్మ్‌లను కొద్దిగా పొడిగిస్తే కాస్టర్ పెరుగుతుంది. కంపెనీ విలువ సుమారు నాలుగు డిగ్రీలు, అక్కడికి తిరిగి వస్తే చాలు. ఇంకా పెంచితే స్టీరింగు నిటారుగా నిలుస్తుంది గానీ, డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పాడవుతుంది. ఎడమ ఆర్మ్ పొడవు కుడి దానితో సమానంగా ఉండాలి. బోల్టు రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకు కొలిచి, నేల మీదనే సరిచేసి, ఆ తరువాతే బండికి ఎక్కించండి.

లాక్ నట్టును మాత్రం ఆర్మ్ ఎక్కించాక, బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడే బిగించండి. బిగించే ముందు జాయింటు చట్రాన్ని బ్రాకెట్ మధ్యకు తిప్పి నిలపాలి. అది ఒక పక్కకు వాలి ఉండగా బిగిస్తే బాటసారి గారు చెప్పిన అటు పదిహేను, ఇటు పదిహేనులో ఒక వైపు ఐదే మిగిలి, మరొక వైపు వృథాగా ఇరవై ఐదు ఉంటుంది. మొదటి వంద మైళ్ళు తిరిగాక నట్టులన్నీ మరొకసారి పానాతో చూసుకోండి. వదులైన లాక్ నట్టు ఆర్మ్ మరలను తినేస్తుంది, అప్పుడు ఆర్మ్ మొత్తం మార్చవలసి వస్తుంది.

మొయాబ్ బాటసారి (ఫీనిక్స్)

బాటకు వెళ్ళే ముందు ఇంకొక పరీక్ష చేయండి. స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి, ఒక చక్రాన్ని ర్యాంపు మీదకు ఎక్కించి, కిందికి దూరి పదహారు చివరలనూ టార్చి వేసి చూడండి. ఏ జాయింటు చట్రమూ బ్రాకెట్‌కు తగలకూడదు. జాయింటు తన హద్దుకు చేరకముందే పైకి వెళ్ళే చక్రాన్ని బంప్ స్టాప్, కిందికి దిగే చక్రాన్ని షాక్ అబ్జార్బర్ ఆపాలి. ఎక్కడైనా తగులుతుంటే బంప్ స్టాప్‌ను పొడిగించండి లేదా షాక్ పొడవును తగ్గించండి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయేమో కూడా అప్పుడే కనబడుతుంది.